ఎస్జీటీకి ఇంగ్లీషు ఎవరు నేర్పాలి?

ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీషు టీచరు అనే పోస్టు మన ఆంధ్రప్రదేశ్‌లో లేదు. ఈ సంగతి మరిచిపోవడం వల్లే చాలా చర్చలు దారి తప్పుతున్నాయి. కోనసీమ జిల్లాలో అమలాపురం మున్సిపల్ బడి కానివ్వండి, ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువుల మధ్య ఉన్న మండల పరిషత్ బడి కానివ్వండి, ఇంగ్లీషు చెప్పవలసింది సెకండరీ గ్రేడ్ టీచరే (ఎస్జీటీ). తెలుగు వాచకం చెప్పిన ఎస్జీటీయే లెక్కలు చెప్పాలి, పరిసరాల విజ్ఞానం చెప్పాలి, మధ్యాహ్న భోజనం వివరాలు ఫోన్లో ఎక్కించాలి, ఆ చేత్తోనే ఇంగ్లీషు పుస్తకం పట్టుకోవాలి. గడిచిన ఆరేడేళ్లలో రాష్ట్రంలో ఇంగ్లీషు గురించి జరిగినంత రభస మరే పాఠ్యాంశం గురించీ జరగలేదు. 2019 నవంబరులో ఇంగ్లీషు మాధ్యమం మీద జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. తల్లిదండ్రుల్లో 96 శాతానికి పైగా ఇంగ్లీషు మాధ్యమమే కోరుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. 2023లో మూడో తరగతి నుంచే టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష అన్నారు, 2024లో ప్రభుత్వం మారాక అదీ ఆగింది. వీటన్నింటిలో పిల్లవాడు ఏ భాషలో చదవాలన్నది తేల్చడానికే అందరూ తలలు బద్దలు కొట్టుకున్నారు. ఆ భాషను వాడికి వినిపించవలసిన మనిషి దగ్గర అది ఎంత ఉంది, ఎక్కడ కొరత పడింది, ఆ కొరతను ఎవరు ఎలా తీర్చాలి అన్న ప్రశ్న మాత్రం ప్రతిసారీ చివరి పేరాకు, 'తగిన శిక్షణ ఇస్తాం' అన్న ఒక్క ముక్కకు పరిమితమైంది. ప్రాథమిక టీచరుకు ఇంగ్లీషులో అన్నింటికన్నా ముందు కావలసిన శిక్షణ బోధనా పద్ధతుల మీద కాదు, నోటి భాష మీద. అది జిల్లా కేంద్రంలో ఆరు రోజుల క్యాంపు పెడితే వచ్చేదీ కాదు. ఈ వ్యాసం నిలబెట్టదలచిన వాదం ఇదే.

ఎస్జీటీ ఎలా తయారవుతారో చూస్తే కొరత ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్, ఆ పైన టెట్ అర్హత పరీక్ష, ఆ పైన డీఎస్సీ నియామక పరీక్ష. టెట్ మొదటి పేపరులో 150 మార్కులకు ఇంగ్లీషు వాటా 30. అన్నీ నాలుగింట ఒకటి ఎంచుకునే బిట్లే. డీఎస్సీ కూడా అదే పద్ధతి. అభ్యర్థి ఒక ఇంగ్లీషు వాక్యం పలికాడా, ఒక చిన్న కథ చెప్పగలడా, ఎదుటివాడు ఇంగ్లీషులో అడిగినదాన్ని విని జవాబివ్వగలడా అన్నది ఈ దారి మొత్తంలో ఎక్కడా ఎవరూ అడగరు. పెద్ద తరగతులకు చెప్పే టీజీటీ, పీజీటీ పోస్టులకు విడిగా ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష పెట్టారు, అది కూడా రాత పరీక్షే. పిల్లవాడి చెవిన మొట్టమొదట ఇంగ్లీషు వేసే టీచరుకు ఆ మాత్రం పరీక్ష కూడా అక్కర్లేదనుకున్నారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే అందులో ఆరు వేలకు పైగా ఎస్జీటీలు. ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్లలో నలిగి, పోటీలో నెగ్గి వచ్చినవాళ్లు. వారి తెలివిని శంకించనక్కర్లేదు. అయితే ఆ తెలివిని కొలిచిన పరీక్ష చెవినీ నోటినీ వదిలేసి కంటిని మాత్రమే కొలిచింది.

దాని ఫలితం తరగతి గదిలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మూడో తరగతిలో కాకి, కుండ కథ నడుస్తోందనుకోండి. 'ది క్రో వాజ్ వెరీ థర్‌స్టీ' అని టీచరు చదువుతారు, పిల్లలు ఒక్క గొంతుతో అంటారు. వెంటనే 'కాకికి చాలా దాహం వేసింది' అని తెలుగు వస్తుంది. ఆ తెలుగు కోసమే పిల్లలు కాచుకుని ఉంటారు, ఇంగ్లీషు వాక్యం దానికి ముందు వచ్చే గంట లాంటిది. కథ అయ్యాక బోర్డు మీద ప్రశ్నలు, జవాబులు, నోటు పుస్తకాల్లోకి ఎక్కించడం. నలభై నిమిషాల్లో టీచరు సొంతంగా కూర్చుకున్న ఇంగ్లీషు వాక్యాలు లెక్కేస్తే 'ఓపెన్ యువర్ బుక్స్', 'సైలెన్స్', 'సిట్ డౌన్' దగ్గరే ఆగిపోతాయి. మధ్యలో ఒక పిల్ల లేచి 'టీచర్, కాకికి రాళ్లు ఎక్కడ దొరికాయి?' అని అడిగిందంటే అంతకన్నా మంచి ఇంగ్లీషు పాఠం దొరకదు. ఆ ప్రశ్ననే ఇంగ్లీషులోకి మార్చి తరగతికి తిప్పి విసరాలి. కానీ 'వేర్ డిడ్ ది క్రో' దాకా వచ్చాక తర్వాతి మాట 'గెట్'ఆ, 'గాట్'ఆ? బిట్ పేపర్లో అయితే ఇదే టీచరు క్షణంలో సరైన గడి నింపుతారు. నోటితో అనవలసి వచ్చేసరికి నాలుక తడబడుతుంది, పిల్లల ముందు తడబడటం నామోషీ, అందుకని ప్రశ్న తెలుగులోనే ముగిసిపోతుంది. వాక్యం వెంట వాక్యం తెలుగులోకి దించే అలవాటును బద్ధకమని అధికారులు తిట్టడం వింటుంటాం. అది బద్ధకం కాదు, ఆత్మరక్షణ. తన దగ్గర లేని సరుకును బయట పెట్టకుండా పాఠం ముగించే ఏకైక మార్గం అది.

చదవడం నేర్పే దగ్గర కూడా ఇంతే. తెలుగులో అక్షరం పేరూ దాని ధ్వనీ ఒకటే. 'క' అని నేర్చుకున్న పిల్లవాడు 'కల' అని చదివేస్తాడు. ఆ నమ్మకంతోనే టీచరు 'సి, ఏ, టి, క్యాట్' అని వల్లె వేయిస్తారు. సి, ఏ, టి అనే మూడు పేర్లను ఎంత గబగబా కలిపినా క్యాట్ పుట్టదని పిల్లవాడికి చెప్పేవారుండరు. వాడు మాటను బొమ్మలా గుర్తుపెట్టుకుంటాడు, కొత్త మాట కనిపిస్తే నిలిచిపోతాడు. గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో తేలికైన ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవారు 2016లో 24.7 శాతం, 2022లో 24.5 శాతం అని అసర్ సర్వే నివేదిక చెప్పింది. ఆరేళ్లలో దేశంలో ఇన్ని పథకాలు వచ్చినా అంకె కదలలేదంటే లోపం పిల్లల్లో వెతకడం అన్యాయం.

టీచర్లకు శిక్షణ ఇవ్వలేదని కాదు. నిజానికి ఈ దేశంలో ఇంగ్లీషు టీచర్ల శిక్షణకు పొడుగాటి చరిత్రే ఉంది. హైదరాబాదులో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ పుట్టింది. అదే పెరిగి సీఫెల్ అయి, 2007లో ఇఫ్లూ విశ్వవిద్యాలయమైంది. దక్షిణాది రాష్ట్రాల టీచర్ల కోసం 1963లో బెంగళూరులో ప్రాంతీయ ఆంగ్ల సంస్థ వచ్చింది. 1950ల చివర్లో మద్రాసు రాష్ట్రం ఇంకో దారి తొక్కింది. కొందరికి బాగా నేర్పితే వారు ఇంకొందరికి, వారు మరికొందరికి నేర్పుతారన్న లెక్కతో దాదాపు 27,000 మంది ప్రాథమిక టీచర్లకు శిక్షణనిచ్చింది. 'మద్రాస్ స్నోబాల్' అని దానికి పేరు. పై మెట్టు మీద పోసిన విషయం కిందికి వచ్చేసరికి పలచబడిపోతుందన్న పాఠం భాషా బోధన నిపుణులు అప్పుడే నేర్చుకున్నారు. మన విద్యాశాఖలు మాత్రం ఆరు దశాబ్దాల తర్వాత కూడా స్టేట్ రిసోర్స్ పర్సన్, జిల్లా రిసోర్స్ పర్సన్, మండల రిసోర్స్ పర్సన్ అన్న మెట్ల వరసనే నడిపిస్తున్నాయి. గణితంలో ఒక కృత్యం ఈ మెట్ల మీదుగా దిగి రావచ్చు. ఉచ్చారణ, జంకు లేకుండా మాట్లాడటం, చెవి పదును మెట్లు దిగవు.

అంతకన్నా దగ్గరి ఉదాహరణ మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఉంది. బ్రిటన్ ప్రభుత్వ ఆర్థిక సాయంతో 1983లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి 1996 దాకా రాష్ట్రమంతటా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఆ రోజుల్లో పనిచేసిన టీచర్లంతా ఆపెప్ అని పిలుచుకున్నది. అది ఇంగ్లీషు కోసం పెట్టినది కాదు, మొత్తం బోధన మీద పెట్టినది. టీచరు సొంతంగా కృత్యాలు తయారు చేసుకోవడం, పిల్లలు చేసి నేర్చుకోవడం, గ్రూపులుగా పని, ఒక్కొక్క పిల్ల తేడాను గమనించడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద పెట్టడం అనే ఆరు సూత్రాలు. ప్రతి ఊరి టీచరూ క్రమం తప్పకుండా దగ్గరి బడిలో కలుసుకునేలా టీచర్ సెంటర్లు పెట్టారు. వీటిలో ఏవి నిలిచాయి? బొమ్మలు దండ కట్టి వేలాడదీయడం ఇట్టే పాకింది, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టడం పాకింది. గుండ్రంగా కూర్చున్నాక ఏం మాట్లాడుకోవాలన్నది రాలేదు, ఒక్కొక్క పిల్ల తేడా చూడటం అసలే రాలేదు. పైకి కనిపించేది నేర్పడం తేలిక, ఇన్‌స్పెక్షన్‌లో చూడటమూ తేలిక. కానీ ఆ పథకంలో ఒక ఆలోచన మాత్రం అసలైనది. టీచరు ఎదగవలసింది క్యాంపులో కాదు, తన బడికి సైకిలు దూరంలో, తోటి టీచర్ల మధ్య అని అది గుర్తించింది. డబ్బు ఆగగానే ఆ సెంటర్లు చుట్టుపక్కల బడుల కాంప్లెక్సు సమావేశాలుగా మిగిలాయి, అక్కడ సర్క్యులర్లు చదివి సంతకాలు పెట్టి లేచిపోవడం ఆనవాయితీ అయింది.

ఇప్పటి శిక్షణ సంగతి. 2019 ఆగస్టులో మొదలైన నిష్ఠ శిక్షణ కార్యక్రమం, ఆన్‌లైన్ దీక్షా పోర్టల్లో కోర్సులు, జాతీయ విద్యా విధానం చెప్పిన ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ, పునాది అక్షరాస్యత మీద రెసిడెన్షియల్ క్యాంపులు. గంటల లెక్కకు కొదవ లేదు. అయితే ఆన్‌లైన్ కోర్సులో టీచరు చేసే పని వీడియో నడుస్తుండగా ఇంకో పని చూసుకుని, చివర క్విజ్‌లో జవాబులు నొక్కి సర్టిఫికెట్ దించుకోవడం. ఇందులోనూ మళ్లీ గడి నింపడమే. క్యాంపులో అయితే మంచి ఆటలు, పాటలు చూపిస్తారు. టీచరు ఆ పాటను బడికి తీసుకెళ్తారు, పిల్లలు ఎగిరి గంతులేస్తారు. పాట అయ్యాక పిల్లలతో ఆ పాట గురించి నాలుగు మాటలు ఇంగ్లీషులో మాట్లాడవలసిన చోట కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. చిన్న పిల్లలకు చెప్పడానికి గొప్ప ఇంగ్లీషు ఎందుకు, పిల్లల మనసు తెలిసిన టీచరు కొద్దిపాటి భాషతోనే అద్భుతాలు చేయగలరు, పద్ధతి తెలియని పండితుడి కన్నా పద్ధతి తెలిసిన మామూలు మనిషి నయం అంటారు. సగం నిజం. మన దేశం నుంచి భాషా బోధన మీద ప్రపంచం చదివే పుస్తకం రాసిన ఎన్.ఎస్. ప్రభు కూడా ఏ ఒక్క పద్ధతీ ఉత్తమం కాదని, తాను చేస్తున్న పని ఎందుకు పనిచేస్తుందో టీచరుకు కలిగే స్పృహే ముఖ్యమని వాదించారు. కానీ ఆ ప్రభు 1979 నుంచి బెంగళూరు, మద్రాసుల్లో చేసిన ప్రయోగమంతా టీచరు, పిల్లలు కలిసి ఇంగ్లీషులో ఒక చిక్కు విప్పడం మీద నిలబడింది. అంటే టీచరు నోట ఇంగ్లీషు ఆగకుండా రావాలి. ఎన్సీఈఆర్టీ 2006లో ప్రచురించిన ఇంగ్లీషు బోధన పత్రం కూడా పిల్లల చుట్టూ అర్థమయ్యే ఇంగ్లీషు పుష్కలంగా ఉండాలంది. గోదావరి లంక గ్రామంలో పిల్లకు ఇంగ్లీషు వినిపించే వనరు టీచరు తప్ప మరొకటి లేనప్పుడు, పద్ధతి ముందా భాష ముందా అన్న ప్రశ్నకు జవాబు ఒకటే. పైగా ప్రాథమిక తరగతికి కావలసిన ఇంగ్లీషు షేక్‌స్పియర్ ఇంగ్లీషు కాదు. సూచనలివ్వడం, ప్రశ్నలడగడం, మెచ్చుకోవడం, తప్పును మళ్లీ సరిగ్గా పలికి చూపడం, బొమ్మను వర్ణించడం, చిన్న కథను చూడకుండా చెప్పడం. ఈ మేర చాలు. పెద్దవాళ్లయిన టీచర్లు ఇంత నేర్చుకోలేరనడం వారిని తక్కువ చేయడమే.

రెండో అభ్యంతరం మాతృభాషాభిమానులది. ముందు తెలుగు రానివ్వండి, ఇంగ్లీషు మీద ఇంత శిక్షణ ఎందుకంటారు. వారి భయానికి ఆధారం ఉంది. మన రాష్ట్ర గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి వాచకం చదవగలిగినవారు 2018లో 22.6 శాతం ఉంటే 2022లో 10.3 శాతానికి పడిపోయారని అసర్ చెప్పింది. మధ్యలో కరోనా ఉంది. అయినా పది మందిలో తొమ్మిది మంది సొంత భాషలో రెండో తరగతి వాచకమే చదవలేనిచోట ఇంగ్లీషు రాతను నెత్తిన పెట్టడం దండగ. వీలైన చోటల్లా ఐదో తరగతి దాకానైనా మాతృభాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పిందీ ఇందుకే. అయితే ఇందులోంచి ఇంగ్లీషు వద్దన్న నిర్ణయం రాదు. ఒకటి, రెండు తరగతుల్లో ఇంగ్లీషు చెవికీ నోటికీ ఉండాలి, కాగితం మీదికి తర్వాత రావాలన్న నిర్ణయం వస్తుంది. అది అమలు కావాలంటే టీచరుకు నోటి ఇంగ్లీషు మరింత అవసరం. భాష రాని టీచరే పుస్తకాన్నీ నోటు పుస్తకాన్నీ పట్టుకుని వేలాడతారు. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న జిల్లాలో ఇంగ్లీషు అడిగే కూలీ తల్లిని, కువైట్‌లో పనికెళ్లి బిడ్డ ఫీజు కోసం డబ్బు పంపే తల్లిని మాతృభాష పేరు చెప్పి వెనక్కి పంపే హక్కు ఎవరికీ లేదు. వారు ఇంగ్లీషు కోసమే ప్రైవేటు కాన్వెంటు బస్సెక్కిస్తున్నారు. ఆ కాన్వెంట్లలో చాలాచోట్ల ఏ శిక్షణా లేని డిగ్రీ పిల్లలు తక్కువ జీతాలకు చెబుతుంటారు, పిల్లలు పాఠాలు వల్లె వేస్తారు. దాన్ని చూపించి శిక్షణ అనవసరమనేవాళ్లకు వేరే జవాబు అక్కర్లేదు.

ఇంగ్లీషు ప్రత్యేకంగా చదివిన వారికే ఈ పని అప్పగిస్తే పోదా అన్నది మూడో అభ్యంతరం. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 దాదాపు ఆ ప్రయత్నమే. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూలుకు పంపి సబ్జెక్టు టీచర్ల చేత చెప్పించాలన్నారు. కోనసీమలో కిలోమీటరు అంటే మధ్యలో ఒక పంట కాలువ, ఒక డ్రెయిను, ఒక బిజీ రోడ్డు. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, 2025లో ఆ జీవోను పక్కనపెట్టి తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ బడుల వైపు వచ్చారు. రద్దు చేసినందుకు విచారించనక్కర్లేదు. హైస్కూలు పిల్లలకు వ్యాకరణం చెప్పే స్కూల్ అసిస్టెంటు ఎనిమిదేళ్ల పిల్లతో ఎలా మాట్లాడాలో ఎక్కడా నేర్చుకోలేదు. ప్రాథమిక తరగతులకు బీఎడ్ అర్హత సరిపోదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో చెప్పింది కూడా ఆ తేడాను గుర్తించే. కానీ స్కూల్ అసిస్టెంటు దగ్గర భాష ఉంది, ఎస్జీటీ దగ్గర చిన్నపిల్లల నేర్పు ఉంది. ఇద్దర్నీ నెలకు రెండుసార్లు ఒక గదిలో కూర్చోబెట్టమని ఏ జీవో చెప్పలేదు.

టీవీలున్నాయి కదా అంటారు. నాడు-నేడు పథకంలో ఇంగ్లీష్ ల్యాబులు, స్మార్ట్ టీవీలు వచ్చిన మాట నిజమే. ఉమ్మడి రాష్ట్రంలో ఆకాశవాణి ద్వారా 'విందాం నేర్చుకుందాం' కూడా వచ్చేది. మంచి గొంతు వినిపించడానికి ఇవన్నీ పనికొస్తాయి. అయితే టీవీ పిల్ల అడిగినదానికి జవాబివ్వదు. బంగ్లాదేశ్‌లో 2008 నుంచి 2017 దాకా బ్రిటన్ సాయంతో నడిచిన 'ఇంగ్లిష్ ఇన్ యాక్షన్' పథకం యంత్రాన్ని పిల్లల కోసం కాక ముందు టీచరు కోసం వాడింది. టీచరు చేతిలోని మామూలు మొబైల్లో తరగతి దృశ్యాలు, ఆడియోలు పెట్టి, పక్క బడి టీచర్లతో జతకట్టించి, బడిలోనే సాధన చేయించింది. తరగతిలో ఇంగ్లీషు మాట పెరిగిందని పరీక్షలు పెట్టి మరీ కొలిచారు. ఇక్కడ ప్రతి ఎస్జీటీ చేతిలో అంతకన్నా మంచి ఫోను ఉంది. ప్రస్తుతం అది హాజరు, భోజనం వివరాలు ఎక్కించడానికి ఉంది.

జిల్లా పరిస్థితి ఈ అవసరాన్ని మరింత పెంచుతోంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. ఉమ్మడి తూర్పు గోదావరికి టీచర్లను తయారుచేసే డైట్ రాజమహేంద్రవరం పక్కన బొమ్మూరులో ఉంది. కొత్తపేట వాళ్లకు అది పర్వాలేదు. రాజోలు, సఖినేటిపల్లి టీచరుకు పూటంతా ప్రయాణం. ఇద్దరే టీచర్లున్న బడిలో ఒకరు శిక్షణకు వెళ్తే రెండోవారు ఐదు తరగతులూ కాయాలి, అందుకని శిక్షణ అంటేనే బడికి శిక్షలా తయారైంది. వరదల నెలల్లో లంకల బడులు ఎటూ మూతపడతాయి. కాబట్టి ఇక్కడ పనికొచ్చేది కాంప్లెక్సు స్థాయి సాధన మాత్రమే. రాజోలు, మలికిపురం, అంబాజీపేట, ముమ్మిడివరం, ఎక్కడైనా సరే, కాంప్లెక్సు హైస్కూల్లో ఇంగ్లీషు బాగా మాట్లాడే ఒక స్కూల్ అసిస్టెంటు, చుట్టుపక్కల పదిమంది ఎస్జీటీలు, పదిహేను రోజులకొకసారి రెండు గంటలు, ఆ రెండు గంటలూ ఇంగ్లీషులోనే. సర్క్యులర్లు వాట్సాప్‌లో పంపుకోవచ్చు. వచ్చే పక్షంలో చెప్పబోయే పాఠాన్నే తీసుకుని, అందులో పిల్లలు అడగగల ప్రశ్నలు, టీచరు తిప్పి అడగగల ప్రశ్నలు నోటితో సాధన చేయాలి. రొయ్యల ఫీడు బస్తా మీద, మందుల స్ట్రిప్పు మీద, ఆర్టీసీ బస్సు బోర్డు మీద పిల్లలు రోజూ చూసే ఇంగ్లీషుతో పాఠం ఎలా అల్లాలో అక్కడే చేసి చూడాలి. తప్పు మాట్లాడితే నవ్వే అధికారి ఆ గదిలోకి రాకూడదు. మహారాష్ట్రలో టాటా ట్రస్టుల తోడ్పాటుతో 'తేజస్' పథకం కింద ప్రాథమిక టీచర్ల బృందాలు ఇంచుమించు ఇలాగే కూర్చుని మాట్లాడుకున్నాయి, దీనికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

ఖర్చు అసలు వేరే చోట ఉంది. టీచరు లేని పూట బడిని చూసుకునే మనిషి కావాలి. ఈ పని ఆదివారాలకో, బడి వదిలాక సాయంత్రాలకో నెట్టేస్తే ఏ టీచరూ మనసుపెట్టి రారు, రావాలని అడగడమూ ధర్మం కాదు. కాంప్లెక్సుకో అదనపు ఎస్జీటీని ఇచ్చి, డీఎడ్ చివరి ఏడాదిలోనూ డీఎస్సీలోనూ మాట్లాడే పరీక్ష పెట్టి, కోనసీమకు సొంత డైట్ ఇస్తే ఇవాళ ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఐదుకు వచ్చేలోపు తేడా కొలవవచ్చు. ఇవి రాజధానిలో తీసుకోవలసిన నిర్ణయాలు. వాటిని అడగవలసినవాళ్లు మాత్రం ఇక్కడే ఉన్నారు. యూటీఎఫ్, ఎస్టీయూ, పీఆర్టీయూ వంటి టీచర్ల సంఘాల కోర్కెల పత్రాల్లో పీఆర్సీ, డీఏ బకాయిలు, బదిలీలు ఎప్పుడూ ఉంటాయి, ఉండాలి కూడా. ఈసారి పత్రంలో ఇంకో వాక్యం చేర్చండి: పనిగంటల్లో, మా కాంప్లెక్సులోనే, బడికి ప్రత్యామ్నాయ టీచరునిచ్చి, మాకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పండి.